పెట్టె కొండెక్కిన రోజు

ఆ రోజుల్లో మా వైపు కరెంటు పిలవని చుట్టం లాంటిది. చెప్పకుండా వచ్చేది, చెప్పకుండా పోయేది. పోయినప్పుడల్లా కోవిల్‌పట్టి అంతా విసనకర్ర కోసం వెతుక్కునేది; నేను కళ్ళు మూసుకుని పెరుమాళ్ళను వెతుక్కునేదాన్ని. చూసినవాళ్ళు "ఈ వయసులో ఎంత భక్తో" అనుకునేవారు. భక్తి ఉంది, కాదనను. కానీ అందులో ముప్పాతిక భయమే. ఎందుకంటే సరిగ్గా ఆ క్షణాన విరుదునగర్ దగ్గర ఒక గదిలో, గోడకు తగిలించిన చిన్న పెట్టె ఒకటి కన్ను మూస్తుందని నాకు తెలుసు. మళ్ళీ తెరుస్తుందో లేదో తెలియదు. తెరవకపోతే నా ఫోను మోగుతుంది, అందులోంచి అణ్ణాచ్చి గొంతు వస్తుంది: "ఎన్నమ్మా, పెట్టి పడుత్తుక్కిచ్చే!" పెట్టె పడుకుండిపోయిందే అని. (పసిబిడ్డ గురించి చెప్పినంత ముద్దుగానే ఉంటుంది వినడానికి. నేను మాత్రం అప్పటికే చెప్పులు వెతుక్కుంటూ ఉండేదాన్ని.)

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. చిన్నప్పుడు ఆయాసం; దుమ్ము తగిలితే ఊపిరి అందేది కాదు. పుదూరు పక్క నల్లరేగడి నేలల్లో దుమ్ము లేవని రోజంటే వాన కురిసిన రోజే, ఆ వాన మమ్మల్ని తలచుకునేది ఎప్పుడో గాని కాదు. అందుకని ఇల్లే బడి అయింది. నాయన లెక్కలు చెప్పాడు, అమ్మ అరవం చెప్పింది, అవ్వ తెలుగు రాయడం నేర్పింది. (తరాలుగా అరవనాట ఉన్న మా ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు. అవ్వకెలా వచ్చిందో, నాకు నేర్పాలని ఎందుకు తోచిందో గాని, నాలుగు ముక్కలు రాసినప్పుడల్లా ఆమెకు దండం పెట్టుకుంటాను.) మిగిలిన చదువు కోవిల్‌పట్టిలో మా మామ చెప్పాడు, అంటే అమ్మ తమ్ముడు. ఇంటి వెనక రేకుల కొట్టంలో స్టెబిలైజర్లు బాగుచేస్తూ, అడిగినవాళ్ళకు చిన్న చిన్న కంట్రోలు పెట్టెలు కట్టి ఇచ్చేవాడు. నాలుగు రోజులుండి వద్దామని వెళ్ళినదాన్ని సోల్డరింగు పట్టుకున్నాను, ఆ తర్వాత ప్రోగ్రాములు రాయడం పట్టుకున్నాను, ఇక తిరిగి రాలేదు.

అణ్ణాచ్చిది గుడ్లు పొదిగించే కొట్టు. (అణ్ణాచ్చి అంటే పెద్దన్న; మా వైపు కొట్టు పెట్టినవాళ్ళందరికీ అదే పేరు.) నరికుడి నుంచి, పుదూరు నుంచి, ఏళాయిరంపన్నై నుంచి ఆడవాళ్ళు నాటుకోడి గుడ్లు ఊక పోసిన బుట్టల్లో తెచ్చి ఇస్తే, మూడు వారాలు పొదిగించి పిల్లల్ని చేతిలో పెడతాడు. గుడ్ల మంచీ చెడూ చూసే ఆమెను నేను గుడ్లక్క అనేదాన్ని. ఏళాయిరంపన్నై మనిషి. టపాసుల పనికి వెళ్ళి, ఆ మందు దగ్గర రోజూ బిక్కుబిక్కుమంటూ కూర్చోలేక ఇక్కడికి వచ్చింది. ఇంట్లో మాలాగే తెలుగు. మేము అణ్ణాచ్చికి కట్టి ఇచ్చిన పెట్టె పని ఏమిటంటే, గుడ్లకు వెచ్చదనం తగ్గకుండా, పెరగకుండా చూడాలి. వాటిని అటూ ఇటూ తిప్పాలి. ఏ ట్రే ఏ రోజున పెట్టారో గుర్తుంచుకోవాలి. గుర్తున్నదంతా లోపల ఒక మెమరీ కార్డు మీద రాసుకుంటూ ఉండాలి. ఒక కోడి చేసే పనే. కాకపోతే కోడి మేతకు దిగి వచ్చినా తన గుడ్లేవో మరిచిపోదు. మా పెట్టె మరిచిపోయేది.

ఆ వేసవిలో ఒకసారి అదే జరిగింది. కరెంటు పోయింది, జనరేటరు అందుకుంది, దీపాలు వచ్చాయి, పెట్టె మాత్రం లేవలేదు. అది లేవనిదే హీటరు వెలగదు. అణ్ణాచ్చి ఫోను చేయడం, నేనూ మామా బస్సు పట్టుకుని పరుగెత్తడం, వెళ్ళేసరికి తెర మీద ఒక్క తెల్లగీత. గుడ్లక్క ట్రేలోంచి ఒక గుడ్డు తీసి చెవి దగ్గర పెట్టుకుని కదిపింది. దాన్ని నా చేతిలో పెట్టింది. రాయిలా చల్లగా ఉంది. ఆ చలి ఇప్పటికీ నా అరచేతికి గుర్తే. గుడ్లక్క తన ఇంటి గుడ్లు కూడా అందులోనే పెట్టిందని తర్వాత తెలిసింది. అణ్ణాచ్చి కేకలు వేయలేదు, అదే ఇంకా భయం. "ఇంకోసారి పడుకుంటే, మీ కొట్టానికే తీసుకుపోయి జోకొట్టుకోండి" అన్నాడంతే.

బస్సులో వస్తూ మామ నన్ను ఊరడించకుండా పాఠం మొదలుపెట్టాడు. ఆయన ఊరడింపు ఎప్పుడూ అంతే.

"రాస్తా ఉండేటప్పుడు చెయ్యి పట్టి లాగితే ఏమయితాది అమ్మి?"

"అక్షరం సగంలో నిలిచిపోతాది."

"ఒట్టి అక్షరమైతే సరి. మన కార్డు ఏది యాడ పెట్టినానని ఒక పట్టీ రాసుకుంటాది గదా, కరెంటు పొయ్యేటప్పుడు ఆ పట్టీనే దిద్దుతా ఉంటే?"

"అన్నీ లోపలే ఉండి, ఏది యాడుండాదో తెలీకుండా పోతాది."

"ఆ. దాన్నే పడుకునేది అంటాడు అణ్ణాచ్చి. అది పడుకోలేదు అమ్మి, మతి పొయ్యుండాది." కాసేపు కిటికీలోంచి చూసి, "ప్లగ్గు పీకి ఫోను చార్జింగు పెట్టుకుంటారు గదా ఆడ, దాని తల్లి, అదీ ఇదే" అన్నాడు. నిజమే. ఆ గదిలో ఖాళీ ప్లగ్గు ఒక్కటీ ఉండేది కాదు. ఎవరికి చార్జింగు కావాలన్నా మొదట వేటు పడేది మా పెట్టె మీదే.

ఆ తర్వాత కొన్ని వారాలు నేను తిన్నది గుర్తులేదు, భయపడ్డది గుర్తుంది. కరెంటు పోవడాన్ని ఆపడం మా చేతిలో లేదు. పోయేముందు పెట్టెకు కాస్త వ్యవధి ఇవ్వడం ఒక్కటే చేతిలో ఉంది. అప్పుడు ఆలోచనలోకి అవ్వ వచ్చింది. మా ఇంట్లో దీపాన్ని ఊదడానికి వీల్లేదు. "ఆర్పు", "ఆరిపోయింది" అన్న మాటలు దేవుడి గూటి దగ్గర వినపడితే అవ్వ నెత్తిన మొట్టేది. పువ్వు కాడతో ఒత్తిని మెల్లగా నూనెలోకి లాగి, "కొండెక్కించినా" అనేది. కొత్త ప్రమిద వెలిగించాలన్నా పాతదాని నుంచే వెలిగించి, కొత్తది నిలిచిందని కంటితో చూసుకున్నాకే పాతదాన్ని కొండెక్కించేది. మామకు ఇది చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "అదే చేస్తాము" అన్నాడు.

అదే చేశాం. కరెంటు తగ్గుముఖం పట్టగానే పసిగట్టే ఏర్పాటు ఒకటి పెట్టాం. అది పూర్తిగా పోయాక కూడా పెట్టె కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టి ఉండేలా బొటనవేలంత కెపాసిటర్ ఒకటి అతికాం. ప్రమిదలో అడుగున మిగిలే నూనెచుక్క అన్నమాట. ఆ వ్యవధిలో పెట్టె రాస్తున్నది ముగించి, కార్డు మూసి, చేతులు కట్టుకుని కూర్చోవాలి. ట్రేల సంగతులు దిద్దాల్సి వస్తే పాత ప్రతిని ముట్టుకోకూడదు. పక్కన కొత్త ప్రతి పూర్తిగా రాసి, సరిగా ఉందని చూసుకున్నాకే "ఇకనుంచి ఇదే" అని మారాలి. పెట్టెను లేపే ప్రోగ్రాము ఉన్న చోట ఎవరూ, ఆఖరికి పెట్టె కూడా, రాయడానికి వీల్లేకుండా తాళం వేశాం. ఆ తర్వాత పరీక్ష. పరీక్ష అంటే రోజంతా ప్లగ్గు పీకడం, పెట్టడం, పీకడం. పీకేముందు ప్రతిసారీ నేను "పెరుమాళ్ళా!" అనేదాన్ని.

"ప్లగ్గు పీకేకి పెరుమాళ్ళ సాయం ఏంటికి అమ్మి?" అని విసుక్కున్నాడు మామ. "నువ్వు పీకు. లేపేటప్పుడు పిలుద్దాము ఆయన్ని."

చివరగా మిగిలింది తెర మీద రెండు మాటలు. పెట్టె సరిగా మూసుకుంటే ఒక మాట చూపాలి, లేచాక ఒకటి చూపాలి. అక్కడివాళ్ళు చదివేది అరవం కనుక అరవంలోనే రాయాలి. లేచినప్పటికి "వందుట్టేన్" అని రాశాను, వచ్చేశాను అని. మూసుకునేటప్పుడు ఆరిపోయిందన్న అర్థం రాయడానికి చెయ్యి రాలేదు. అవ్వ పోయి అప్పటికి చాలా కాలమైనా నెత్తిన మొట్టుతుందేమోనని భయం. అందుకని మా ఇంటి మాటనే ముక్కకు ముక్క అరవం చేసి "మలై ఏరియాచ్చు" అని రాశాను. కొండెక్కింది అని. ఎంత చక్కగా కుదిరిందో అని మురిసిపోయాను కూడా. మామ ఆ మాటను చూడలేదు. చూసి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

కొత్త పెట్టె తగిలించిన కొద్ది రోజులకే ఆయుధపూజ వచ్చింది. అణ్ణాచ్చి మమ్మల్నిద్దరినీ పిలిచాడు. వెళ్ళేసరికి గదంతా కడిగి, జనరేటరుకు, తరాజుకు, మెయిన్ స్విచ్చికి, గుడ్ల ట్రేలకు చందనం బొట్లు, కుంకుమ. మా పెట్టెకైతే చేమంతి దండ. పొరి, అంటే మరమరాలు, శనగలు, బెల్లం అరిటాకుల్లో సిద్ధంగా ఉన్నాయి. చుట్టూ గుడ్లు తెచ్చిన ఆడవాళ్ళు, ఎందుకంటే ఒక ట్రేలో గుడ్లు ఆ రోజో మర్నాడో పగలాలి. చెవి ఒగ్గితే పెంకుల లోపల పిల్లలు కీచుకీచుమంటున్నాయి. నాకు కడుపు నిండిపోయింది. దండ వేసుకున్న నా పెట్టెను చూసి కళ్ళు తుడుచుకున్నాను కూడా.

అప్పుడు అణ్ణాచ్చి కర్పూరం పళ్ళెం పక్కన పెట్టి, మెయిన్ స్విచ్చి దగ్గరకు నడిచాడు.

"ఎందుకు అణ్ణాచ్చి?" అన్నాను.

పూజ వేళ యంత్రాలకు విశ్రాంతి ఇవ్వాలి కదమ్మా అన్నాడు. జనరేటరు కూడా రాకుండా కట్టేశాడట. "ఒరు నిమిషం తాన్", ఒక్క నిమిషమే అని, నేను పెరుమాళ్ళను పూర్తిగా పిలవకముందే స్విచ్చి కిందికి లాగేశాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో పిల్లల కీచులు ఒక్కసారిగా గదంతా నిండిపోయాయి. అందరి చూపూ దండ వేసిన పెట్టె మీద పడింది, ఎందుకంటే కరెంటంతా పోయినా అదొక్కటే వెలుగుతోంది. నేను అతికిన నూనెచుక్క. దాని తెర మీద అక్షరాలు నిదానంగా వచ్చాయి. అణ్ణాచ్చి కళ్ళద్దాలు సర్దుకుని బయటికే చదివాడు: "మలై... ఏరియాచ్చు." చదవడం అయ్యీ అవగానే తెర నల్లబడింది.

ఒక ఆమె చేతిలోంచి పొరి కింద పోయింది. "అయ్యో, సామి మలై ఏరిడుచ్చా!" అని ఇంకో ఆమె నెత్తిన చేతులు పెట్టుకుంది. అప్పుడు తట్టింది నాకు. మా వైపు గుళ్ళలో మనిషి మీద పూనిన దేవుడు వదిలి వెళ్ళిపోతే అనే మాట అదే. సామి కొండెక్కిపోయాడు అని. నేను దీపం గురించి రాశాను, వాళ్ళు దేవుడి గురించి చదివారు. బొట్టు పెట్టి, దండ వేసి, కర్పూరం ఇవ్వబోతున్న వేళ, పూజ అందుకోకుండానే సామి వెళ్ళిపోయాడని పెట్టే స్వయంగా చెప్పిందాయె!

అణ్ణాచ్చి మొహం పాలిపోయింది. నేను స్విచ్చి వైపు అడుగేస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. సామి లేని యంత్రాన్ని నడపకూడదు, వాళ్ళ ఊరి గుడి పూజారి వచ్చి పిలిచి దించేదాకా ఎవరూ ముట్టుకోవద్దు అన్నాడు. పూజారికి ఫోను కలపడం మొదలుపెట్టాడు. మామ "అణ్ణాచ్చి, అది ఒట్టి ప్రోగ్రాము" అని ఏదో చెప్పబోతే, ఆడవాళ్ళంతా ఆయన మీద పడ్డారు: పండుగ పూట నోరు జాగ్రత్త అని.

నేను ట్రే మీద చెయ్యి పెట్టాను. ఇంకా వెచ్చగానే ఉంది, కానీ ఆ వెచ్చదనం వెళ్ళిపోయే దారిలో ఉందని అరచేతికి తెలిసింది. లోపల కీచులు గట్టిపడ్డాయి. "చలేస్తే ఇట్లనే అరుస్తాయి" అంది గుడ్లక్క పక్కన నిలబడి, పెదవులు కదలకుండా. ఆమె కళ్ళలో వేసవి నాటి ఆ గుడ్డు కనిపించింది. పెరుమాళ్ళా, నీ పేరు మీదే వచ్చింది ఈ గొడవ, నువ్వే ఒక మాట ఇవ్వు అనుకున్నాను. వచ్చిన మాట మా ఇంటిదే.

"అక్కా, అది సామి గాదు. దీపం."

"దీపం యాడుండాది అమ్మి ఈడ?"

"మీ ఇంట్లో దీపం ఆరిపోయె అంటారా?"

"చీ చీ. అట్లనేకి బాగుండునా? కొండెక్కినాది అంటాము."

"నేను దాన్నే అరవంలో రాస్తిని."

గుడ్లక్క నా మొహంలోకి చూసింది, పెట్టె వైపు చూసింది, మళ్ళీ నా మొహంలోకి చూసింది. "ఓ నా తల్లీ! దీపాన్ని రాయబొయ్యి సామిని తరిమేస్తివే!" అంది. ఆ తర్వాత అందరి వైపు తిరిగి, అరవంలో, టపాసుల ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌తో మాట్లాడిన గొంతుతో చెప్పింది: పోయింది దీపం, సామి కాదు, దీపం కొండెక్కితే మళ్ళీ వెలిగించేది ఇంటి ఆడదే గాని పూజారి కాదు. ఎవరూ కదల్లేదు. నమ్మారో లేదో తెలియలేదు. "సామికి కోపం వస్తే?" అన్నాడు అణ్ణాచ్చి, ఫోను చెవి దగ్గరే పట్టుకుని.

"గుడ్లు నావి గూడా ఉండాయి. వచ్చే కోపం నా మీదికే రానీ" అని, ఆ మాటనే అరవంలో ఆయనకు చెప్పి, గుడ్లక్క స్విచ్చి పైకి తోసింది.

ఫ్యాన్లు తిరిగాయి. దీపాలు వచ్చాయి. పెట్టె రాలేదు.

లేవడానికి దానికి కాసేపు పడుతుంది, అది నాకు తెలుసు, రాసింది నేనేగా. కానీ తెలియడం వేరు, కూడుకున్న జనం మధ్య నల్లటి తెరకేసి చూస్తూ నిలబడటం వేరు. కార్డు మూసిందా? పాత ప్రతి నిలిచిందా? దండలోంచి నీళ్ళేమైనా లోపలికి కారాయా? ఎవరో "పోయింది, పోయింది" అని గొణిగారు. మామ నా పక్కకు వచ్చి, అటే చూస్తూ, చాలా మెల్లగా అన్నాడు: "ఇప్పుడు పిలువమ్మి పెరుమాళ్ళను."

పిలిచాను.

తెర తెల్లబడింది. ట్రేలు, రోజులు, వెచ్చదనం, ఒక్కటి కూడా పోకుండా వరసగా వచ్చాయి. హీటరు ఎర్రగా వెలిగింది. నా గుండె అప్పుడే కిందికి దిగుతోంది, ఇంతలో పైవరసలో పెద్ద అక్షరాలతో, నేను రాసి నేనే మరిచిపోయిన మాట: "వందుట్టేన్!"

వచ్చేశాను! (సామి ఒంటి మీదికి వచ్చినప్పుడు, మా వైపు ఏ గుడిలోనైనా, అరుపుగా వినపడే మొదటి మాట అదే. నేను మా ఇంట్లో బజారు నుంచి తిరిగొచ్చి అనే మాటగా రాశాను.)

ఆ తర్వాత జరిగినదాన్ని ఆపడం నా తరం కాలేదు. ఆడవాళ్ళంతా కులవ పెట్టారు, ఆ నాలుక ఊపుల చప్పుడుకు రేకులు అదిరాయి. అణ్ణాచ్చి కర్పూరం మెయిన్ స్విచ్చిని వదిలేసి నేరుగా మా పెట్టెకు ఇచ్చాడు. "అది దీపమే గానీ..." అని నేను మళ్ళీ మొదలుపెట్టబోతే, గుడ్లక్క నా చెయ్యి గిల్లింది.

"నోరు మూసుకో అమ్మి. ఇంక ఎవురన్నా ఫోనుకని ఈ ప్లగ్గు పీకుతారేమో చూడు."

ఎవరూ పీకలేదు. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు ఎవరూ పీకలేదు. మేము వారాల తరబడి కెపాసిటరుతో, రెండు ప్రతులతో, తాళాలతో చేసిన కాపలాకు పైన, నా తప్పుడు అరవం ఇంకో కాపలా పెట్టింది. మర్నాటికి ఆ ట్రేలో గుడ్లు పగిలాయి. అన్నీ కాదు గాని, చాలా వరకు పగిలాయి. గుడ్లక్క తడి ఆరని పిల్లనొకదాన్ని తెచ్చి, వేసవిలో చల్లటి గుడ్డు పెట్టిన అదే చేతిలో పెట్టింది.

అయినా దేవుడి పేరు మీద పెట్టెను నిలబెట్టడం నాకు మనసొప్పలేదు. కొన్నాళ్ళకు వెళ్ళి, మూసుకునే మాటను మార్చాను. మా వైపు గడప దాటేవాళ్ళు వెళ్తున్నానని అనరు కదా, "పోయిట్టు వరేన్" అంటారు, వెళ్ళొస్తాను అని. అదే రాశాను. అది అబద్ధం కాదు, అపశకునం కాదు, ఎవరినీ కొండెక్కించదు. అణ్ణాచ్చి చదివి చేతులు జోడించాడు: సామి ఈ మధ్య చెప్పే వెళ్తున్నాడు, ఎంత మర్యాదో అని.

మామ ఇప్పుడు సోల్డరింగు పట్టడం లేదు, చెయ్యి వణుకుతుంది. కొట్టం నాది. నేను కట్టే పెట్టెలు ఎన్ని రకాలైనా ఆ రెండు మాటలు మాత్రం అన్నిట్లోనూ ఉంటాయి. కరెంటు ఇప్పుడు మునుపటంత పోవడం లేదు. ఎప్పుడైనా సాయంత్రం పూట పోతే మాత్రం, బల్ల మీద పరీక్షకు పెట్టినవన్నీ చీకట్లో ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకొస్తాయి, వెళ్ళొస్తాను, వెళ్ళొస్తాను అని. ఇన్నేళ్ళ పనితనం ఉన్నదాన్ని, అవి లేస్తాయని నాకు తెలుసు. తెలిసినా ఆ కొన్ని క్షణాలు ఊపిరి బిగబట్టి, అరచెయ్యి బల్లకు ఆనించి నిలబడతాను. ఎవరూ వినడం లేదని చూసుకుని, చివరి వెలుగు పోయేలోగా గబగబా అనేస్తాను: "పొయ్యి రా తల్లీ. తొందరగా రా."